ఫ్రంటెండ్ ఒకరికి, డాక్యుమెంటేషన్ ఒకరికి అని పంచుకుంటే ఏమవుతుంది

"అన్నా, మా బ్యాచ్‌లో నలుగురం. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా హాస్టల్ అవుటింగ్ పర్మిషన్ యాప్ తీసుకున్నాం. నాకు కోడింగ్ వచ్చు కాబట్టి బ్యాకెండ్ నేను, ఫ్రంటెండ్ ఒకడు, డేటాబేస్ ఇంకొకడు, పీపీటీ, డాక్యుమెంటేషన్ మా బ్యాచ్‌లో ఉన్న అమ్మాయి అని పంచుకున్నాం. నెలయింది. డేటాబేస్ వాడు ఏమీ చేయడం లేదు, మిగతావాళ్ళం చేసింది కలవడం లేదు. రోల్స్ మార్చాలా? లీడర్‌గా నేనేం చేయాలి?" ఇదీ ప్రశ్న.

అన్నా అన్నావు కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నాను, తమ్ముడూ. పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాను. ఆరేళ్ళుగా శనివారాలు ఒకటి రెండు కాలేజీలకు వెళ్ళి ఫైనల్ ఇయర్ బ్యాచ్‌లకు ప్రాజెక్టుల్లో సాయం చేస్తున్నాను. నీ బ్యాచ్ కథ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నువ్వు నయం, నెలకే అడిగావు. మామూలుగా ఈ ప్రశ్న నాకు సెకండ్ రివ్యూ ముందు రోజు రాత్రి పదకొండున్నరకు ఫోన్‌లో వస్తుంది.

ఆ పని చేయనివాడి సంగతి కాసేపాగి మాట్లాడుకుందాం. ముందు మీరు పంచుకున్న పద్ధతిలోనే తిరకాసు ఉంది. మీరు యాప్‌ను పొరలుగా కోశారు. కంటికి కనిపించే స్క్రీన్లు, అంటే ఫ్రంటెండ్ అనే పైపొర ఒకరికి, వెనక నడిచే లాజిక్, అంటే బ్యాకెండ్ అనే మధ్యది ఒకరికి, సమాచారం దాచే డేటాబేస్ అనే అడుగుది ఒకరికి. చూడ్డానికి బాగుంటుంది, కంపెనీల్లోనూ ఇలాగే ఉంటుందనిపిస్తుంది. కానీ ఫ్రంటెండ్ వాడు నీ ఏపీఐ (స్క్రీన్‌కూ బ్యాకెండ్‌కూ మధ్య దారి) కోసం చూస్తుంటాడు, నువ్వు టేబుల్స్ కోసం చూస్తుంటావు, టేబుల్స్ వేయాల్సినవాడు గైడ్ ఈఆర్ డయాగ్రమ్ (ఏ టేబుల్ దేనితో కలుస్తుందో చూపే బొమ్మ) ఓకే చేయాలని చూస్తుంటాడు, డాక్యుమెంటేషన్ అమ్మాయి మీ ముగ్గురి కోసం చూస్తుంటుంది. ఎవరినడిగినా "నాది రెడీ, వాడిదే లేట్" అంటారు. ఒక్కరూ అబద్ధం చెప్పరు, పని మాత్రం జరగదు.

పోయినేడాది ఒక బ్యాచ్‌తో రివ్యూ ముందు రోజు సాయంత్రం ల్యాబ్‌లో కూర్చున్నాను. వాళ్ళదీ హాస్టల్ ప్రాజెక్టే. నాలుగు లాప్‌టాప్‌లు, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్, పెన్‌డ్రైవ్‌లో ఫైనల్, ఫైనల్ 2, ఒరిజినల్ ఫైనల్ అని మూడు జిప్ ఫైళ్ళు. డేటాబేస్ చేసిన అబ్బాయి రోల్ నంబర్ కాలమ్‌ను ఇంటీజర్‌గా, అంటే అంకెలు మాత్రమే పట్టేలా పెట్టాడు. క్లాసులో అందరూ చివరి రెండంకెలతోనే పిలుచుకుంటారు, అటెండెన్స్ కూడా అలాగే తీసుకుంటారు కదా. వాడు టెస్ట్ చేసింది 12, 37, 54 పెట్టి. అన్నీ పనిచేశాయి. ఫ్రంటెండ్ అబ్బాయి మాత్రం హాల్ టికెట్ మీద ఉండే పదక్షరాల నంబర్ అడుగుతున్నాడు. రెండూ కలిపితే ఒక్క రిక్వెస్టు కూడా సేవ్ కాలేదు.

సరే, స్క్రీన్ మీద కూడా రెండంకెలే అడుగుదాం అన్నారు. పక్క బెంచీలో ఉన్న ఏ3 అమ్మాయి నవ్వింది. జేఎన్‌టీయూ నంబర్లు 99 దాటాక ఏ0, ఏ1 అని వెళ్తాయి, ఆమె నంబర్ ఆ కాలమ్‌లో పట్టదు. కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చారు. అప్పుడు ఇంకోటి బయటపడింది. లేటరల్ ఎంట్రీ వాళ్ళకు మధ్యలో 1ఏ బదులు 5ఏ ఉంటుంది, చివరి అంకెలు మళ్ళీ 01 నుంచి మొదలవుతాయి. డిప్లొమా చేసి వచ్చిన 01కి వార్డెన్ ఇచ్చిన పర్మిషన్ రెగ్యులర్ 01 పేరు మీద పడుతోంది! ఇదంతా తేలేసరికి తొమ్మిదిన్నర. ఆ నలుగురికీ ప్రోగ్రామింగ్ బాగానే వచ్చు. రోల్ నంబర్ అంటే మన యాప్‌లో ఏమిటి అన్న మాట నలుగురూ కూర్చుని ఒక్కసారి కూడా అనుకోలేదు, అంతే.

కాబట్టి పొరలు వదిలేసి నిలువుగా కోయండి. మీ యాప్‌లో నాకు కనిపిస్తున్నవి నాలుగు పనులు: స్టూడెంట్ అవుటింగ్ అడగడం, వార్డెన్ ఒప్పుకోవడం లేదా కాదనడం, గేటు దగ్గర సెక్యూరిటీ చూసి వెళ్ళిన టైమ్, వచ్చిన టైమ్ వేసుకోవడం, టైముకు రానివాళ్ళ లిస్టు తీసి ఇంటికి మెసేజ్ పంపడం. మనిషికొకటి. ఎవరి పనికి వాళ్ళే స్క్రీన్ వేయాలి, దాని వెనక లాజిక్ రాయాలి, టేబుల్‌లో పడేదాకా చూడాలి. నీకు బాగా వచ్చు కాబట్టి కష్టమైనది నువ్వు తీసుకో, సులువైనది కొత్తవాళ్ళకివ్వు. కానీ ప్రతి ఒక్కరి చేతిలో పైనుంచి కింది దాకా పనిచేసే ముక్క ఒకటి ఉండాలి.

దీనికి ముందు ఒక్క పని మాత్రం నలుగురూ కలిసి ఒకే లాప్‌టాప్ మీద చేయండి. లాగిన్ పేజీ. ఒకరు టైప్ చేస్తుంటే ముగ్గురు చూడాలి, గంటకోసారి కీబోర్డు చేతులు మారాలి. రెండు సాయంత్రాలు పడుతుంది, నీకు విసుగొస్తుంది, నేనొక్కణ్ణే అయితే గంటలో చేసేవాణ్ణి అనుకుంటావు. అనుకో, కానీ కీబోర్డు లాక్కోకు. ఫోల్డర్లు ఎలా ఉండాలి, పేర్లు ఎలా పెట్టాలి, తేదీ ఏ ఫార్మాట్‌లో పోవాలి, ఎర్రర్ వస్తే ఏం చూపించాలి అన్నవన్నీ ఆ రెండు సాయంత్రాల్లో తేలిపోతాయి. తర్వాత ఆ లాగిన్‌ను చూసి మిగతావి రాసుకుంటారు. కొత్తవాళ్ళకు అంతకంటే మంచి డాక్యుమెంటేషన్ లేదు.

ఇక రోల్స్. ముక్కలు పంచుకున్నాక, దాని మీద తలా ఒక బాధ్యత పెట్టుకోండి. కలపడం ఒకరి బాధ్యత: గిట్‌లో (అందరి కోడ్‌నూ, అందులో జరిగిన మార్పుల్నీ దాచే టూల్) మెయిన్ బ్రాంచ్, అంటే అందరి పనీ కలిసే కాపీ, ఎప్పుడు చూసినా నడుస్తూ ఉండాలి, అందులోకి ఏది వెళ్ళినా ఆ మనిషి చూశాకే వెళ్ళాలి. వార్డెన్, సెక్యూరిటీ, గైడ్ వీళ్ళతో మాట్లాడి వాళ్ళకేం కావాలో తెచ్చేది ఇంకొకరు. పాడుచేసేది ఒకరు, అంటే టెస్టింగ్. మీలో ఎవరు ఎక్కువ వంకలు పెడతారో వాళ్ళకివ్వండి, ఏ3 అమ్మాయి లాంటి వాళ్ళు ఈ పనికి బంగారం. నాలుగోవాళ్ళు తేదీలు, రాతపని చూస్తారు. మొదటి నెల కలిపే బాధ్యత నీ దగ్గర ఉంచుకో. తర్వాత ఇంకొకరికి ఇచ్చెయ్. వార్డెన్‌తో మాట్లాడే మనిషిని మాత్రం మార్చొద్దు, పెద్దవాళ్ళకు రోజుకొక ముఖం కనిపిస్తే చిరాకు.

స్క్రమ్ అని సాఫ్ట్‌వేర్ టీమ్‌లు పని నడుపుకునే పద్ధతి ఒకటుంది, అందులోలా స్క్రమ్ మాస్టర్, ప్రొడక్ట్ ఓనర్ అని పేర్లు పెట్టుకోవాలా అని కింద కామెంట్లలో ఇంకొకరు అడిగారు. పెట్టుకోవచ్చు, రికార్డులో బాగుంటుంది. కానీ స్క్రమ్ గైడ్ రాసినవాళ్ళే 2020 వెర్షన్‌లో రోల్స్ అన్న మాట తీసేసి, ఎవరు దేనికి జవాబుదారీ అన్న అర్థం వచ్చే మాట పెట్టారు. ప్రొడక్ట్ ఓనర్, స్క్రమ్ మాస్టర్, డెవలపర్లు అని అందులో ఉన్నవే మూడు, నలుగురికి నాలుగు బిరుదులు లేవు. రోజూ స్టాండప్ మీటింగ్ కూడా మీకొద్దు. ఎనిమిది గంటలు ఇదే పని చేసేవాళ్ళకు అది. మీకు మధ్యలో ప్లేస్‌మెంట్ ట్రైనింగ్, ల్యాబ్ ఎగ్జామ్స్, ఇద్దరికి బ్యాక్‌లాగ్స్ ఉంటాయి. వారానికి రెండుసార్లు పదిహేను నిమిషాలు కలిస్తే చాలు, కానీ కలిసినప్పుడు ఎవరి ముక్క వాళ్ళు నడిపి చూపించాలి. "అయిపోవచ్చింది" అన్న మాట చెల్లదు.

ఇప్పుడు ఆ డేటాబేస్ అబ్బాయి. వంద ఏళ్ళ కిందటి మాట ఒకటి చెప్తాను. రింగెల్‌మన్ అని ఫ్రాన్స్‌లో ఒక వ్యవసాయ ఇంజనీరు, మనుషులతో తాడు లాగించి ఎంత బలం పడుతోందో కొలిచాడు. 1913లో అచ్చువేసిన లెక్కల్లో, ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు మనిషి ఒంటరిగా లాగేదాంట్లో దాదాపు సగమే లాగుతున్నాడు. 1979లో అమెరికాలో లతానే అనే సైకాలజిస్టు, ఆయన తోటివాళ్ళు చప్పట్లతో, అరుపులతో ఇలాంటిదే చేసి చూశారు, గుంపులో తలా శబ్దం తగ్గింది. తర్వాతి ప్రయోగాల్లో ఎవరి అరుపు ఎంతో విడిగా తెలిసిపోతుందని నమ్మించేసరికి మళ్ళీ గట్టిగా అరిచారు. నీ స్నేహితుడు బద్ధకస్తుడే కావచ్చు, నాకు తెలీదు. కానీ "డేటాబేస్ నీది" అన్నప్పుడు వాడు చేసిందెంత, చేయనిదెంత అన్నది కనిపించదు. "శుక్రవారానికి సెక్యూరిటీ గార్డ్ నంబర్ కొడితే పేరు, ఫోటో రావాలి, అది నీది" అంటే కనిపిస్తుంది.

ఇంకోటి, వాణ్ణి గ్రూపులో అడగొద్దు. వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ "ఏమైంది రా?" అంటే వచ్చేది థంబ్స్ అప్ గుర్తే. క్యాంటీన్‌కు తీసుకెళ్ళి టీ తాగుతూ అడుగు. పదింట ఏడుసార్లు నేను విన్న జవాబు ఒకటే: "ఎక్కడ మొదలుపెట్టాలో తెలీలేదన్నా, అడిగితే నవ్వుతారనుకున్నా." నాలుగో సంవత్సరం వచ్చాక నాకు డేటాబేస్‌తో పనిచేయించే ఎస్‌క్యూఎల్ రాదని చెప్పుకోవడం సిగ్గు. కొందరికి రావడమే కష్టం, ఊరి బస్సు నాలుగున్నరకు వెళ్ళిపోతుంది, ఇంటికి వెళ్ళేసరికి ఏడు. అలాంటివాడికి సాయంత్రం మీటింగులు పెట్టి రాలేదనడం అన్యాయం. ఇవేవీ కాకుండా నిజంగానే ఎగ్గొడుతున్నాడనుకో, చిన్న పని ఇచ్చి తేదీ పెట్టు, రెండుసార్లు చూడు. మూడోసారి వాడికి ముందే చెప్పి గైడ్ దగ్గరకు వెళ్ళు. వైవా ముందు రోజు వెళ్తే మాత్రం గైడ్ నిన్నే తిడతారు, నేనైనా అదే చేస్తాను.

ఇక్కడే నా సంగతీ చెప్పాలి. మా బీటెక్ ప్రాజెక్టులో నేనే లీడర్ని, నేనే మొత్తం రాశాను. మిగతా ముగ్గురికీ ఏమీ రాదని తీర్మానించేసుకుని, వాళ్ళ చేత ప్రింటవుట్లు, స్పైరల్ బైండింగ్ చేయించాను. వైవాలో ఎక్స్‌టర్నల్, అంటే బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్, నన్నొక్క ప్రశ్న కూడా అడగలేదు. నా పక్కన కూర్చున్నవాణ్ణి "బాబూ, ఈ టేబుల్‌లో ప్రైమరీ కీ ఏది?" అని అడిగారు. వాడు నా వైపు చూశాడు. నేను చెప్పబోతే ఎక్స్‌టర్నల్ చెయ్యి చూపించి ఆపారు. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తుంది. మార్కులు నలుగురికీ ఒకేలా తక్కువ వచ్చాయి, వాడు నాతో చాలాకాలం మాట్లాడలేదు. తప్పు వాడిదని అప్పుడు అందరికీ చెప్పుకు తిరిగాను.

డాక్యుమెంటేషన్ అమ్మాయికి ఇచ్చారన్నావు చూడు, అది నాకు అస్సలు నచ్చలేదు. ఏ కాలేజీకి వెళ్ళినా ఇదే. అబ్బాయిలు "కోడింగ్ మేం చూసుకుంటాం, నువ్వు పీపీటీ చెయ్" అంటారు, అదేదో సాయం చేస్తున్నట్టు. ఆరు నెలల తర్వాత ఆమె ఇంటర్వ్యూలో కూర్చుంటే మొదటి ప్రశ్నే "ప్రాజెక్టులో మీరేం చేశారు?" అని. డాక్యుమెంటేషన్ అని చెప్పాలా, మీ కోడ్ తనదని అబద్ధం చెప్పాలా? ఆమెను అడిగారా అసలు, ఏం చేయాలనుందని? ఎవరి ముక్క గురించి వాళ్ళే రెండు పేజీలు రాయండి, ఆమెకూ ఒక ముక్క ఇవ్వండి. కలిపి ఫార్మాటింగ్ చేయడం మీలో ఎవరైనా చేయొచ్చు, మార్జిన్లు సరిచేయడానికి అబ్బాయిల చేతులూ పనిచేస్తాయి.

మాట్లాడుకునే వీలు గురించి కూడా ఆలోచించండి. 1968లో మెల్విన్ కాన్వే అనే ఆయన ఒక మాట రాశారు, ఏ సంస్థ తయారుచేసే సిస్టమ్ అయినా ఆ సంస్థలో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో అలాగే తయారవుతుందని. పెద్ద కంపెనీల గురించి అన్న మాటేగానీ నాకు మీ హాస్టళ్ళే గుర్తొస్తాయి. ఒక బ్యాచ్‌లో ఇద్దరబ్బాయిలు, ఇద్దరమ్మాయిలు. లేడీస్ హాస్టల్ గేటు సాయంత్రం ఆరింటికే మూసేస్తారు. అబ్బాయిలు రాత్రి రూములో కూర్చుని రాసుకునేవాళ్ళు, అమ్మాయిలు వాళ్ళ రూములో. చివరికి తయారైన యాప్‌లో రెండుసార్లు లాగిన్ అవ్వాలి! ఒక సగంలో బటన్లు నీలం, ఇంకో సగంలో ఆకుపచ్చ. మీ మీటింగ్ లంచ్ టైమ్‌లో, అందరూ క్యాంపస్‌లో ఉన్నప్పుడే పెట్టుకోండి.

టైమ్ గురించి ఒక లెక్క. ఐబీఎంలో ఓఎస్/360 ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో రాసింది: మొత్తం టైమ్‌లో మూడో వంతు ప్లానింగ్‌కు, ఆరో వంతు కోడింగ్‌కు, మిగతా సగం టెస్టింగ్‌కు. నీకు పదహారు వారాలుంటే కోడింగ్‌కు మూడు వారాలు కూడా రావు. అది భారీ సిస్టమ్ లెక్క, మీకు అచ్చంగా సరిపోదు, నేనైతే కోడింగ్‌కు ఆరు వారాలిస్తాను. కానీ మీ బ్యాచ్‌లన్నీ దీన్ని తిరగేసి, పద్నాలుగు వారాలు కోడింగ్ అనుకుని చివరి రెండు రోజుల్లో కలపడం, టెస్టింగ్ పెట్టుకుంటాయి. ఆయనదే ఇంకో మాట, లేటైన ప్రాజెక్టుకు మనుషుల్ని కలిపితే ఇంకా లేటవుతుందని. నలుగురి మధ్య మాట్లాడుకోవాల్సిన జతలు ఆరు, ఐదోవాడు వస్తే పది, ఆరోవాడితో పదిహేను. చివరి వారం పక్క బ్యాచ్ టాపర్ని పిలిచి "కాస్త చూడరా" అంటే, వాడికి మీ యాప్ అర్థమయ్యేలా చెప్పడానికే ఆ వారం పోతుంది.

గిట్ గురించి చాలా రాయొచ్చు, రెండే చెప్తాను. ఒకే లాప్‌టాప్ నుంచి అందరి కోడ్ పుష్ చేయకండి. హిస్టరీ అంతా ఒక్క పేరుతో ఉంటే, మిగతా ముగ్గురూ పనిచేశారని గైడ్‌కు చూపించడానికి ఏమీ ఉండదు. ఎవరి మెయిల్‌తో వాళ్ళు సెట్ చేసుకోండి, పనిచేసిన రోజున చిన్నదైనా ఒక కమిట్ (మీ పేరుతో గిట్‌లో సేవ్ అయ్యే మార్పు) వేయండి. రెండు, డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైల్ గిట్‌హబ్‌లోకి వెళ్ళకుండా మొదటి రోజే ఇగ్నోర్ లిస్టులో పెట్టండి. వెళ్ళాక తీసేసినా పాత కమిట్లలో ఉండిపోతుంది, పాస్‌వర్డ్ మార్చుకోవడమే దారి.

చాట్‌జీపీటీతో రాయించుకోవచ్చా అంటే, రాయించుకుంటారని నాకు తెలుసు, కాదన్నా ఆగరు. ఒక్క షరతు పెట్టుకోండి: ఎవరి ముక్క వాళ్ళు బోర్డు దగ్గర నిలబడి ముగ్గురికి వివరించగలిగితేనే మెయిన్‌లోకి వెళ్తుంది. హైదరాబాద్‌ అమీర్‌పేట వెళ్ళి రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కుందామని మీలో ఎవరైనా అంటే వాళ్ళకూ ఇదే పరీక్ష పెట్టు.

లీడర్‌గా నువ్వేం చేయాలన్నావు. ఈ వారం కోడ్ ముట్టుకోకు. సోమవారం లంచ్‌లో నలుగురూ కూర్చోండి, ఎవరికి వారానికి ఎన్ని గంటలు కుదురుతుందో నిజం చెప్పమను, ముందు నీది నువ్వు చెప్పు. ఐదు గంటలంటే ఐదే, ఎగతాళి చేయొద్దు, దాన్నిబట్టే ముక్క ఇవ్వు. మంగళవారం ఇద్దరు బాయ్స్ హాస్టల్ వార్డెన్ గారి దగ్గరకు, ఇద్దరు లేడీస్ హాస్టల్‌కు వెళ్ళండి. అక్కడ టేబుల్ మీద ఒక అవుటింగ్ రిజిస్టర్ ఉంటుంది, అట్ట ఊడిపోయి, దారంతో కట్టిన పెన్నుతో. పర్మిషన్ అడిగి ఒక పేజీ ఫోటో తీసుకోండి, పేర్లు, ఫోన్ నంబర్లు కనబడకుండా. అందులో ఉన్న కాలమ్స్ లెక్కపెట్టి మీ టేబుల్‌తో పోల్చి చూడండి. "ఎవరితో వెళ్తున్నారు" అన్న కాలమ్ మీరు పెట్టి ఉండరు. లేడీస్ హాస్టల్ రిజిస్టర్‌లో దాని పక్కనే తల్లిదండ్రులతో ఫోన్‌లో మాట్లాడినట్టు వార్డెన్ వేసే టిక్కు ఇంకోటి ఉంటుంది. ఆ టిక్కు మీ యాప్‌లో ఎవరు వేస్తారో, ఎప్పుడు వేస్తారో నలుగురూ తేల్చుకుని వచ్చి ఇక్కడే రాయి, మిగతాది అక్కణ్ణుంచి చూద్దాం.